50 లక్షలతో అద్దె ఆస్తి: ఫ్లాటా, వాటాల ఇల్లా, కొట్టా, పొలమా?

మా తమ్ముడు కువైట్‌లో ఉంటాడు. పద్నాలుగేళ్ళు అక్కడ ఎండల్లో కష్టపడి 50 లక్షలు వెనకేశాడు, ఇప్పుడా డబ్బు బ్యాంకులో పడుంటే వాడికి నిద్ర పట్టడం లేదు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ప్రతి శుక్రవారం ఫోను. "అక్కా, ఏదోటి కొని అద్దెకిచ్చేద్దాం" అంటాడు. ఇచ్చేద్దాం అనడం వాడి వంతు, కుళాయి ఊడిపోయిందని రాత్రి పదింటికి ఫోనొస్తే ఎత్తడం నా వంతు. పాలకొల్లులో నాన్నగారు కట్టించిన రెండు వాటాల డాబా, బజార్లో ఒక చిన్న కొట్టు పదిహేనేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుందనిపించింది. మన గోదావరి జిల్లాల్లో ఇలాంటి తమ్ముడు, ఇలాంటి అక్క లేని వీధి ఉండదు.

అద్దె ఎంతొస్తుందన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. అందులోకి ఎవరొస్తారు, ఏదైనా పాడైతే ఎవరెళ్తారు, ఇవి ముందు తేల్చుకోవాలి. ఫ్లాటు కొంటే బదిలీ మీద వచ్చే ఉద్యోగిని కొన్నట్టు, వాటాల ఇల్లు కొంటే పిల్లల బడి కోసం పల్లె నుంచి వచ్చిన కుటుంబాన్ని కొన్నట్టు, కొట్టు కొంటే ఒక వ్యాపారిని, పొలం కొంటే ఒక కౌలు రైతుని. ఆ మనిషితో మీరు నెగ్గుకురాగలరా అన్నది ఆలోచించుకుంటే సగం గందరగోళం అక్కడే తగ్గిపోతుంది.

ఫ్లాటు

బయట ఉండేవాళ్ళకి మొదట తట్టేది ఇదే, అందులో తప్పేం లేదు. వాచ్‌మన్ ఉంటాడు, మోటారు అతనే వేస్తాడు, ఖాళీ అయితే తాళం అతని దగ్గర పెడితే చూడ్డానికొచ్చినవాళ్ళకి అతనే చూపిస్తాడు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాయి కదా, కలెక్టరేట్ వాళ్ళూ ఇతర ఆఫీసుల వాళ్ళూ వచ్చారు, బ్యాంకుల వాళ్ళు, లెక్చరర్లు, రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆఫీసర్లు ఎప్పుడూ ఉన్నవాళ్ళే. నెల జీతం మనుషులు. అద్దె ఒకటి నుంచి ఐదో తారీఖు లోపల పడిపోతుంది, బదిలీ వస్తే గొడవ లేకుండా వెళ్ళిపోతారు.

కానీ లెక్క చూడండి. రిజిస్ట్రేషన్‌తో సహా 50 లక్షలు పెట్టి ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు తీసుకున్నామనుకుందాం. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, దాన్ని మర్చిపోయి బేరమాడేవాళ్ళే ఎక్కువ. అద్దె 11,000 అనుకుంటే ఏడాదికి 1,32,000. ఏడాదిలో ఒక నెల ఖాళీ ఉంటుందని వేసుకోండి, నిజంగానే ఉంటుంది. 1,21,000. ఇంటి పన్ను, మనిషి మారినప్పుడల్లా రంగులు, లిఫ్టు పాడైతే మన వంతు, ఇవన్నీ తీసేస్తే చేతికి లక్షా ఐదువేలు మిగులుతుంది. అంటే పెట్టిన డబ్బు మీద 2.1 శాతం. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ దీనికి రెండింతలకి పైనే ఇస్తుంది, దానికి కుళాయిలు లీకవ్వవు. ఇది చెప్తే మా తమ్ముడు రెండు నిమిషాలు మాట్లాడలేదు, ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

మరి ఎందుకు కొంటారు? ధర పెరుగుతుందని. ఆ పెరిగేది నేల ధర, గోడలది కాదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫ్లాటులో మనకొచ్చే అన్‌డివైడెడ్ షేరు, అంటే నేలలో మన వంతు, చాలా చోట్ల 30, 40 గజాలు మించదు. పదిహేనేళ్ళు పోయాక బిల్డింగు పాతబడి, లిఫ్టు మొరాయిస్తూ, పక్కనే కొత్త అపార్ట్‌మెంట్ లేస్తే అద్దె పెరగడం ఆగిపోతుంది. కాబట్టి ఫ్లాటు కొనేటప్పుడు హాలు ఎంత పెద్దదని కాకుండా దస్తావేజులో ఎన్ని గజాలు రాస్తున్నారని అడగండి.

రాజమండ్రిలో ఇప్పుడు ఇంకో మాట వినిపిస్తోంది, 2027లో గోదావరి పుష్కరాలు, ఇప్పుడు కొంటే అద్దెలే అద్దెలు అని. పుష్కరాలు పన్నెండు రోజులు. మళ్ళీ పన్నెండేళ్ళకి. ఆ పన్నెండు రోజుల కోసం ఇల్లు కొనేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. భీమవరంలో సంక్రాంతి మూడు రోజులకి లాడ్జి గదులు దొరకవని విని, అందుకోసం గదులు కట్టినవాళ్ళది కూడా ఇదే కథ.

వాటాల ఇల్లు

నన్నడిగితే ఇక్కడే ఉండేవాళ్ళకి ఇంతకన్నా మంచిది లేదు. మూడున్నర సెంట్ల స్థలం, అంటే దాదాపు 170 గజాలు, కింద ఒక వాటా, పైన ఒక వాటా, మెట్లు బయటి నుంచి. అదే 50 లక్షల్లో పాలకొల్లు, తణుకు, రామచంద్రపురం లాంటి ఊళ్ళలో కాస్త లోపలి వీధుల్లో దొరుకుతుంది. కింద 8,000, పైన 7,000 అనుకోండి, ఏడాదికి 1,80,000. ఏదో ఒక వాటా ఒక నెల ఖాళీ, మరమ్మతులు ఒక 30,000, పన్ను, అన్నీ పోను లక్షా ముప్పై ఎనిమిది వేలు. 2.7 శాతం దాకా వస్తుంది, పైగా నేల మొత్తం మనది. రెండు వాటాలూ ఒకేసారి ఖాళీ అవడం అరుదు కాబట్టి సున్నా నెలలు ఉండవు.

దీనికి ఎదురు, చాకిరీ మొత్తం మనదే. అందులో కొన్ని ఈ నేలకే ప్రత్యేకమైనవి. మనది నల్లరేగడి, ఒండ్రు. వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో బీటలిస్తుంది, పునాది సరిగా లేని గోడ మూలల్లో ఐమూలగా చీలుతుంది. భూమిలో నీళ్ళు పైనే ఉంటాయి, వానాకాలం తవ్వితే మూడు నాలుగడుగుల్లో నీరు తేలే చోట్లున్నాయి. అందుకే గోడలు చెమ్మ పీలుస్తాయి, సెప్టిక్ ట్యాంకు వెనక్కి తంతుంది. మాకు ఒక జూలైలో సరిగ్గా అదే జరిగింది, నాలుగు రోజుల ముసురు, కింద వాటాలో బాత్రూమ్ నీళ్ళు దిగడం మానేశాయి. అప్పుడున్న వాళ్ళు మంచివాళ్ళు, ఐదో రోజు దాకా ఓర్చుకున్నారు, ఆరో రోజు సామాను సర్దేశారు. అది ఆషాఢం. ఆషాఢంలో మనవైపు కొత్తింట్లో పాలు పొంగించేవాళ్ళు ఎవరున్నారు? టులెట్ బోర్డు నాతో పాటు వానలో తడిసింది, శ్రావణం వచ్చేదాకా ఒక్కరు అడగలేదు. పుష్యమాసం కూడా అంతే. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, ఆ తర్వాత వారానికో నెలకో ఆషాఢం దాపురిస్తుంది, కాబట్టి వాటా ఏప్రిల్ ఆఖరుకో మేలోనో ఖాళీ అయ్యేటట్టు ఒప్పందం తేదీ పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఈ ఒక్క మార్పు నాకు ఏటా ఒక నెల అద్దె మిగిల్చింది.

కరెంటు మీటర్ల సంగతి. వాటాకొక మీటరు లేని ఇల్లు కొనకండి, కొంటే ముందు అదే పెట్టించండి. ఒకే మీటరు మీద రెండు కాపురాలుంటే యూనిట్లన్నీ ఒక్క బిల్లులో కలిసి పై శ్లాబులోకి పోతాయి, యూనిట్ ధర పెరుగుతుంది, ఆ పెరిగిన దానికి కిందవాళ్ళు పైవాళ్ళ ఏసీని, పైవాళ్ళు కిందవాళ్ళ గ్రైండర్ని తిట్టుకుంటారు, మధ్యలో మనం నెలనెలా పంచాయితీ చెయ్యాలి. వాటా ముందు గదిలో ఎవరైనా టైలరింగ్ షాపో, ఇంకోటో పెట్టుకుంటామంటే దానికి కమర్షియల్ మీటరు వేరే తీసుకోవాల్సిందే, లేకపోతే తనిఖీ వచ్చినప్పుడు నోటీసు సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్ళకే వస్తుంది.

ఇక నీళ్ళు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మునిసిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు అయ్యే ఊళ్ళున్నాయి, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇల్లు చూసేటప్పుడు బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి, సిగ్గుపడక్కర్లేదు. ఉప్పునీళ్ళకి కుళాయిలు, గీజర్లు రెండేళ్ళకొకసారి మార్చాలి, అద్దెకున్నవాళ్ళు అది మన ఖర్చే అంటారు, నిజానికి అది మన ఖర్చే.

కొబ్బరికాయల గురించి కూడా రాయాలి, నవ్వకండి. పెరట్లో రెండు కొబ్బరి చెట్లుంటే అవి ఎవరివి? మా నాన్నగారి కాలంలో దింపు తీసినప్పుడు అద్దెకున్నవాళ్ళకి నాలుగు కాయలిస్తే సంతోషంగా తీసుకునేవారు. ఇప్పుడు కాయ ధర పెరిగాక, ఊడ్చేది మేము, మట్ట పడితే భయపడేది మేము, కాయలు మీకా అని ఒకావిడ నిలదీసింది. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. అప్పటినుంచి అగ్రిమెంటులో రాస్తున్నాను, దింపు ఖర్చు మాది, కాయల్లో సగం వాళ్ళవి. కరివేపాకు, మునగ, అందరివీ.

కాలేజీ పిల్లల గదులు

భీమవరం, సూరంపాలెం, కాకినాడల్లో ఇంజనీరింగ్ పిల్లలు వేలల్లో ఉంటారు కాబట్టి లెక్క వేస్తే కళ్ళు చెదురుతాయి. నాలుగు గదులు, గదికి ముగ్గురు, మనిషికి 2,500 అంటే నెలకి 30,000. వాటాల ఇంటికి రెండింతలు. కానీ పన్నెండు నెలలు రాదు, సెలవుల్లో ఖాళీ, చివరి సంవత్సరం పిల్లలు ఇంటర్న్‌షిప్ అని జనవరికే వెళ్ళిపోతారు. మంచాలు, మోటారు, కరెంటు, ఊడ్చే మనిషి, రాత్రి పన్నెండింటికి పుట్టినరోజు కేకు, పక్కింటివాళ్ళ ఫిర్యాదు. 2020 మార్చిలో కాలేజీలు మూసేసినప్పుడు ఈ గదులన్నీ రెండు రోజుల్లో ఖాళీ అయ్యాయి, చాలా నెలలు ఖాళీగానే ఉన్నాయి, ఇంటి మీద అప్పు తెచ్చి కట్టినవాళ్ళు వాయిదాలు మాత్రం కట్టుకుంటూ పోయారు. ఇది హాస్టల్ వ్యాపారం, అద్దె ఆదాయం అనుకోవద్దు. చెయ్యాలనుంటే బిల్డింగు మొత్తం హాస్టల్ నడిపే మనిషికి ఒక్క మొత్తానికి లీజుకిచ్చి, మనిషికింత అన్న ఆశ వదులుకోండి. ఇంకో సంగతి, కాలేజీకి సొంత హాస్టళ్ళు ఉన్నాయేమో చూడండి. తాడేపల్లిగూడెం నిట్ పిల్లలు ఎక్కువమంది క్యాంపస్‌లోనే ఉంటారు, ఆ పేరు చెప్పి గదులమ్మేవాళ్ళని నమ్మకండి.

కొట్టు

కొట్టు అద్దె ఇంటి అద్దెకన్నా శాతంలో ఎక్కువ, అడ్వాన్స్ కూడా ఆర్నెల్లది, ఏడాదిది తీసుకోవచ్చు. అలమర్లు, లైట్లు, రంగులు అన్నీ వచ్చిన వ్యాపారే వేసుకుంటాడు, మనకి షట్టరు గ్రీజు తప్ప పనేం ఉండదు. దూరంగా ఉండేవాళ్ళకి సరిపోయే ఆస్తి ఇదే అని నా అభిప్రాయం. ఒకే ఒక్క షరతు, ముందు నిలబడి జనాన్ని లెక్కపెట్టాలి. మా కొట్టు ఎదురుగా ఒకప్పుడు బస్సులు ఆగేవి, స్టాపు రెండు వందల గజాలు అవతలికి మారింది, అంతే, టీ కొట్టు వెళ్ళిపోయింది, తర్వాత ఫ్యాన్సీ షాపు వచ్చి వెళ్ళిపోయింది, ఏడు నెలలు తాళం. ఇల్లు ఒకటి రెండు నెలలు ఖాళీ ఉంటుందేమోగాని కొట్టు ఖాళీ అయితే నెలల లెక్కే. బైపాస్ వస్తుందంటే, రోడ్డు వెడల్పు చేస్తారంటే ఇంకా జాగ్రత్త. మునిసిపాలిటీ ఆఫీసుకెళ్ళి మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎన్నడుగులని చూపించారో చూడకుండా మెయిన్ రోడ్డు మీద కొట్టు కొంటే రేపు ముందు గోడ మనది కాకపోవచ్చు.

రెండో జాగ్రత్త పాత కొట్లు కొనేటప్పుడు. లోపల ఇరవై ఏళ్ళుగా ఒకాయన ఉంటాడు, 3,000 అద్దె ఇస్తుంటాడు. "మీరు కొన్నాక ఖాళీ చేయిస్తామండి" అంటాడు అమ్మేవాడు. ఖాళీ చేయించాకే కొనండి. ఆ పెద్దమనిషి మంచివాడే కావచ్చు, కోర్టు వాయిదాలు మాత్రం ఎవరి మంచితనాన్నీ చూడవు.

పొలం

ఇక్కడ మా తమ్ముడికి ఒక్క మాటతో తేలిపోయింది. విదేశాల్లో స్థిరపడినవాళ్ళు, ఎన్నారైలు ఇక్కడ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, ఫెమా (విదేశీ మారకం) చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చిందైతే ఉంచుకోవచ్చు. "పక్కూరివాళ్ళబ్బాయి దుబాయ్ నుంచి కొన్నాడు కదా" అన్నాడు. కొనుంటాడు. రేపు అమ్మేటప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే ఉండేవాళ్ళకైనా అద్దె లెక్కన పొలం బలహీనమే. మా వైపు సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు పంటలకి కలిపి ఎకరానికి 30 బస్తాలు కౌలు అనుకుందాం. బస్తా 75 కిలోలు, అంటే 22 క్వింటాళ్ళ 50 కిలోలు. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాల్ 2,369, ఆ లెక్కన 53,000 చిల్లర. ఎకరం 50 లక్షలు పెట్టి కొంటే ఒక్క శాతం. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ టాక్స్ లేదన్నది నిజమే, ఒక శాతానికి టాక్స్ లేకపోతే ఎంత, ఉంటే ఎంత. కౌలు రైతు కూడా ఎప్పటికీ ఉంటాడని లేదు, 2011 సార్వాకి కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదని క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు వదిలేశారు. తాతల నాటి పొలం ఉంటే ఉంచుకోండి, కౌలుకివ్వండి. కానీ కొత్తగా అద్దె కోసం కొనేది మాత్రం కాదు.

పొలం ఉన్నవాళ్ళకి ఒక్క మాట. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే కార్డు మీద యజమాని సంతకం కావాలి, అది 11 నెలలకే, భూమి హక్కుకి దానివల్ల ఏమీ కాదు. అయినా చాలామంది సంతకం పెట్టడానికి భయపడతారు, పెట్టకపోతే ఆయనకి పంట రుణం రాదు, మునిగినప్పుడు పరిహారం కూడా మన పేరునే పోతుంది. మన పొలం దున్ని, మనకి బస్తాలు కొలిచే మనిషికి ఆ సంతకం పెట్టకపోవడం నాకు నచ్చదు.

చేపల చెరువుకి లీజుకిస్తే దీనికి రెట్టింపు పైన వస్తుంది కదా అంటారు. వస్తుంది. అనుమతి ఉందో లేదో చూసుకోవాలి, పక్క చేలోకి ఊట దిగితే రోజూ గొడవే, మళ్ళీ వరి వేద్దామంటే గట్లు దింపి నేల చదును చేసి చౌడు పోయేదాకా ఆగాలి.

దూరాన ఉన్నవాళ్ళకి పన్ను

ఇంటి అద్దె మీద పన్ను లెక్క అందరికీ ఒకటే, వచ్చిన అద్దెలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల పేరున తగ్గిస్తారు, మీరు నిజంగా ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. ఇంటి అప్పు వడ్డీ ఉంటే అదీ తీసేస్తారు. కానీ యజమాని ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్నవాళ్ళు అందులోంచి 31.2 శాతం పన్ను ముందే పట్టుకుని (దీన్నే టీడీఎస్ అంటారు) ప్రభుత్వానికి కట్టాలి, మిగిలింది ఆయన ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) వెయ్యాలి. తర్వాత రిటర్న్ వేస్తే, పన్ను పడేంత ఆదాయం లేకపోతే, తిరిగొస్తుంది. 7,000 అద్దెకున్న మాస్టారికి టాన్ నంబరు (టీడీఎస్ కట్టేవాళ్ళకిచ్చే నంబరు) తీసుకుని టీడీఎస్ కట్టండి అని చెప్తే ఆయన ఇంకో వాటా వెతుక్కుంటాడు. కంపెనీకో బ్యాంకుకో ఇచ్చే కొట్టయితే వాళ్ళకి ఇదంతా అలవాటే. ఎన్నారైకి కొట్టు మేలనడానికి ఇదీ ఒక కారణం.

అమ్మ పేరున కొనేద్దాం అన్నాడు మా వాడు. కొనొచ్చు, అమ్మకి డబ్బు బహుమతిగా ఇస్తే దానికి పన్ను లేదు, అద్దె అమ్మ ఆదాయమవుతుంది. కానీ అప్పుడు ఇల్లు అమ్మదే, అమ్మ వీలునామా రాయకపోతే రేపు నాకూ వాటా వస్తుంది. ఆ మాట నేనే గుర్తుచేశాను. నవ్వాడు గానీ, ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

కాగితాలు, మనుషులు

అగ్రిమెంటు 11 నెలలకి రాసుకోవడం మామూలు. ఇళ్ళకి చాలామంది ఇంతటితో ఆపుతారు. కొట్టుకి మూడేళ్ళో ఐదేళ్ళో ఇస్తే డబ్బులు మిగుల్చుకోకుండా రిజిస్టర్ చేయించండి. అడ్వాన్స్ రెండు నెలలది, ఏటా ఐదు శాతం పెంపు, ఖాళీ చేసే ముందు నెల నోటీసు, ఇవి అందరూ రాస్తారు. నేను అదనంగా రాసేవి, చేరేనాటి మీటరు రీడింగు ఫోటో, ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని తాళాలు, పైన చెప్పిన కొబ్బరికాయలు. అద్దె ఫోన్‌పేలో వేయించుకుంటే ఎవరు ఎప్పుడిచ్చారన్న వాదన ఉండదు. ఉద్యోగులు హెచ్‌ఆర్‌ఏ కోసం ఏడాదికి లక్ష దాటిన అద్దెకి మన పాన్ నంబరు అడుగుతారు, దాచకండి, మీ లెక్క సక్రమంగా ఉంటే భయమేంటి.

మనిషిని చూసుకోవడం మాత్రం కాగితం మీద కుదరదు. మా అమ్మ మొదట ఇంటిపేరు అడిగేది, తర్వాత మాంసం తింటారా అనేది. నేను ఆ రెండూ మానేశాను. ఇంతకుముందు ఎక్కడున్నారు, ఎందుకు ఖాళీ చేశారు, పిల్లలు ఏ బడి, ఇవడుగుతాను, కుదిరితే పాత యజమానికి ఒక ఫోను. పదిహేనేళ్ళలో నాకు అద్దె ఎగ్గొట్టిన ఇద్దరూ అమ్మ ప్రశ్నల్లో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. నెలకి ఐదొందలు తక్కువిచ్చినా నాలుగేళ్ళుండే కుటుంబం, ఐదొందలు ఎక్కువిచ్చి పది నెలలకి పోయే కుటుంబం కన్నా లాభమే, ఒక్క ఖాళీ నెల, ఒకసారి రంగులు, ఆ తేడా మొత్తం మింగేస్తాయి.

కొనేముందు

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీయించడం, రిజిస్ట్రేషన్‌కి వీల్లేని భూముల ఇరవై రెండు ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడడం, లింకు దస్తావేజులు లాయరుకి చూపించడం, ఇవి చెప్పక్కర్లేదు. ఏటిగట్టుకి లోపలివైపు, లంకల్లో చవగ్గా వస్తుందంటే మాత్రం రెండు చేతులూ జేబులో పెట్టుకోండి, అందులో చాలా భూమి డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చింది, కొంటే చెల్లకపోవచ్చు. చెల్లినా ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున అద్దెకున్నవాళ్ళు పడవెక్కాల్సిందే, 2022 జూలైలో చూశాం కదా. గట్టుకి ఇవతలైనా 1986 వరదలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఆ వీధిలో ముసలివాళ్ళని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

ఇల్లు చూడ్డానికి వానాకాలంలోనే వెళ్ళండి. మొన్న ఒక వాటాల ఇల్లు చూశాను, తమ్ముడి కోసం, ఇంకా వాడు కొట్టా ఇల్లా తేల్చుకోలేదు. లేత పసుపు రంగు కొత్తగా వేసి మెరిసిపోతోంది. నాకు తెలిసిన తాపీ మేస్త్రిని వెంట తీసుకెళ్ళాను. ఆయన హాలూ వంటిల్లూ ఏమీ చూడలేదు, నేరుగా మెట్ల కిందకెళ్ళి వంగి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గోడని కిందనుంచి పైకి కొడుతూ వచ్చాడు. మోకాలెత్తు దాకా డబడబ, ఆపైన టకటక. "ఆయ్, ఈ గోడ నీళ్ళు తాగేసిందండి, రంగేసి దాచారంతే" అన్నాడు. గోరుతో గీరితే పసుపు రంగు కింద తెల్లటి ఉప్పు పొడిలా రాలింది. అమ్మేవాయన అప్పటిదాకా మా వెనకే ఉన్నవాడు, ఫోనొచ్చిందని గుమ్మంలోకి వెళ్ళిపోయాడు.

తమ్ముడికి హాలు ఫోటోలు పంపలేదు. ఆ గోడ అడుగు, ఇంటి ముందు నిండుగా నిలబడిన మురుగు కాలువ, రెండు ఫోటోలు పంపి, అమ్మేవాయన అడిగిన రేటులో నాలుగు లక్షలు తగ్గిస్తే, గోడ అడుగున ప్లాస్టరింగ్ కొట్టేసి మళ్ళీ చేయించే ఖర్చు ఎంతవుతుందో మేస్త్రి చేత రాయించి పంపుతానని చెప్పాను. వచ్చే శుక్రవారం చెప్తానన్నాడు.